సీమ నవల మోస్తున్న బరువు

అనంతపురం సాహిత్యం అనగానే ముందు కథ గుర్తొస్తుంది. ఆ గుర్తింపు న్యాయమైనదే. కరువును కథలో పట్టుకున్న రచయితలు ఇక్కడ ఒక వరుసగా ఉన్నారు. ‘సీమ కథలు’ సంకలనం కూర్చి ఆ వరుసను తెలుగు పాఠకుల ముందు నిలబెట్టినవారు సింగమనేని నారాయణ. నవలకు అలాంటి వరుస ఆలస్యంగా కుదిరింది. ఆత్మకథకు ఇంకా కుదరలేదు. ఈ మధ్య ఈ ప్రాంతపు నవలలనూ స్వీయచరిత్రలనూ, ఇరుగుపొరుగు నేలల నుంచి వచ్చిన కొన్నింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుతూ వచ్చాను. కొన్ని కొత్తగా చదివినవి, కొన్ని మళ్లీ తిరగేసినవి. చదివేకొద్దీ ఒక అభిప్రాయం బలపడింది. ఈ నేలను పట్టుకుని ఉండిపోయిన వాళ్లు తమ బతుకును తాము రాసుకోలేదు. రాసుకున్న వాళ్లు చాలావరకు ఊరు దాటిపోయిన వాళ్లు. మధ్యలో మిగిలిన ఖాళీని నవల పూడుస్తూ వచ్చింది. ఆ పని అది ఎంత బాగా చేసింది, ఎక్కడ చేయలేకపోయింది అన్నదే ఈ సమీక్ష.

కరువును ఎక్కడ వెతకాలి

ఈ పుస్తకాలన్నిటినీ నేను ఒకే ప్రశ్నతో చదివాను: ఇందులో కరువు ఆకాశంలో ఉందా, మనుషుల మధ్య ఉందా?

ఆకాశం వంతు తక్కువేం కాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే వాన కూడా అదనుకు పడదు. విత్తే వేళకు పదును ఉండదు. శెనగచెట్టు ఊడలు దిగే వేళకు బెట్ట పడుతుంది. కోతల వేళ ముసురు పట్టి కట్టె నల్లబడుతుంది. ఇదంతా నిజమే. అయితే 1876 నుంచి 1878 దాకా ఈ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన ధాత కరువు రోజుల్లోనే దేశం నుంచి ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండుకు పోయింది. వాన రాకపోవడం ఒకటి, తిండి అందకపోవడం ఇంకొకటి. ఈ రెంటి మధ్య ఉన్న దూరంలో భూమి ఎవరిది, అప్పు ఎవరిది, చెరువు నీళ్లలో వంతు ఎవరిది అన్న ప్రశ్నలు ఉంటాయి. మంచి రచయిత ఆ దూరంలో నిలబడి రాస్తాడు.

విద్వాన్ విశ్వం ఆ పని పద్యంలో ముందే చేసిపెట్టారు. శింగనమల దగ్గరి తరిమెలలో 1915లో పుట్టిన ఆయన ‘పెన్నేటి పాట’లో రంగడు, గంగమ్మ అనే ఇద్దరు పేదల కాపురాన్ని కావ్యవస్తువు చేశారు. రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచిన 1950ల తొలి రోజులకు అది దగ్గరి రచన. ఒకనాడు రతనాలు రాసులు పోశారని చెప్పుకునే నేల మీద ఒక కూలి కుటుంబం గంజికి వెతుక్కోవడం ఎలా సంభవించిందన్న ప్రశ్న ఆ కావ్యం అంతటా వినిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన సీమ వచనం మొత్తం ఏదో ఒక రకంగా ఆ ప్రశ్నకు జవాబు వెతికిందే. సింగమనేని ‘జూదం’ కథకు పెట్టిన పేరులోనే ఆ జవాబులో ఒక భాగం ఉంది. పెట్టుబడి పెట్టి మబ్బు వైపు చూసే వేరుశనగ సేద్యంలో రైతుకు ఆట మానుకునే దారి కూడా ఉండదు.

కథ ఒక దెబ్బను చూపిస్తుంది. ఆ దెబ్బ ఎన్ని తరాల నుంచి తగులుతోందో చూపించాలంటే నవల కావాలి. అందుకే నవల ఇక్కడ ఆలస్యంగా రావడం నాకు బాధగా ఉంటుంది. ఆ ఆలస్యంలో ఎన్నో జ్ఞాపకాలు మనుషులతో పాటే పోయాయి.

చెరువు కట్ట మీద చరిత్ర

నేను చదివిన వాటిలో మొదట నిలబెట్టవలసింది బండి నారాయణస్వామి ‘శప్తభూమి’. 2017లో తానా నవలల పోటీలో బహుమతి, 2019కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నవల ఇది. దీనికి ముందే ఆయన ‘గద్దలాడతండాయి’, ‘మీ రాజ్యం మీరేలండి’, ‘రెండు కలల దేశం’, ‘నిసర్గం’ రాశారు. అవి వర్తమానంతో తలపడితే, ‘శప్తభూమి’ 18వ శతాబ్దపు అనంతపురానికి, హండే పాలకుల కాలానికి వెళ్లింది.

చారిత్రక నవల అనగానే మనకు అలవాటైన దర్బారు, అంతఃపురం, యుద్ధ వర్ణన ఉంటాయనుకుని తెరిస్తే ఈ పుస్తకం వేరే చోట మొదలవుతుంది. చెరువు ప్రమాదంలో పడుతుంది. గొర్రెల కాపరి ఎల్లప్ప తెగువ చూపి పాలకుడి కంట్లో పడతాడు. అక్కడి నుంచి పాళెగాళ్ల రాజకీయమంతా కింది నుంచి పైకి కనిపిస్తుంది. కోటలో తీసుకున్న నిర్ణయం మాలపల్లెలో, గొర్రెల మందలో, దేవుడి పేర బసివిగా విడిచిన ఆడపిల్ల ఇంట్లో ఏ రూపం తీసుకుంటుందో రచయిత ఓపికగా చూపిస్తారు. చెరువు మీద ఎవరికి అధికారముంటే ఊరు వారిది అన్న సంగతి పాఠం చెప్పినట్టు కాకుండా కథ నడకలోనే తెలిసిపోతుంది. నేను పెట్టుకున్న ప్రశ్నకు ఇంత దృఢంగా జవాబు చెప్పిన నవల ఈ ప్రాంతం నుంచి మరొకటి నాకు ఎదురుకాలేదు.

దీని వెనక ఒక పాత పుస్తకం ఉందని గుర్తుంచుకుంటే నవల విలువ ఇంకా పెరుగుతుంది. హండే పాలకుల వృత్తాంతాన్ని చెప్పే అనంతపుర చరిత్రను సి.పి. బ్రౌన్ ఇంగ్లీషులోకి తెచ్చి 1853లో మద్రాసులో అచ్చువేయించారు. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ఊరిని కాపాడడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఆ చరిత్రలోదే. దాన్నే తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశారు. ఆధునిక తెలుగు కావ్యాల్లో తొలి అడుగుల్లో ఒకటిగా మన సాహిత్య చరిత్ర దాన్ని లెక్కిస్తుంది.

ఒక ఇల్లాలు చెరువు కట్టకు బలి అయింది. ఆమె సంగతి ముందు స్థానిక చరిత్రకారుడు రాశాడు. తర్వాత ఇంగ్లీషు అధికారి అనువదించాడు. ఆ తర్వాత చిత్తూరు జిల్లా కవి కావ్యం చేశాడు. ముగ్గురూ ఆమె త్యాగాన్ని కీర్తించారు. ఊరి నీళ్ల కోసం ఆ ఇంటి కోడలే ఎందుకు చావాలి అని ఆమె మనసులో ఏమనుకుందో చెప్పే గొంతు మాత్రం ఎక్కడా లేదు. ‘శప్తభూమి’ చేసిన పెద్ద మేలు ఇక్కడే ఉంది. రాజుల యుద్ధాలుగా మిగిలిపోయిన చరిత్రలోకి అది కాపరినీ పంచముణ్ణీ బసివినీ ప్రవేశపెట్టి మాట్లాడించింది. కొన్నిచోట్ల ఆచారాల వివరం కథను మించిపోయి, సేకరించినదంతా చెప్పాలన్న తొందర కనబడుతుంది. అయినా ఆ తొందరను నేను తప్పుపట్టలేను. ఇంతకాలం ఎవరూ చెప్పని సంగతులు ఒక్క పుస్తకంలోనే చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆ ఒత్తిడి సహజం.

ఊరి బయటి నీళ్లు

చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ 1990ల నవల. కరువు ఊరందరికీ ఒకే రకంగా వస్తుందన్న అభిప్రాయాన్ని ఇది నిలువునా చీలుస్తుంది. బావి ఎండితే ఊళ్లో వాళ్లు దూరం నడుస్తారు. మాలమాదిగ పల్లెలో వాళ్లు నీళ్లున్న రోజుల్లోనే దూరంగా నిలబడవలసినవాళ్లు. వాళ్లకు కరువు ఏ ఏడాదికో వచ్చే ఆపద కాదు, పుట్టిన రోజు నుంచి ఉన్న కట్టుబాటు. దళితుడి బతుకును పల్లె నుంచి చదువు దాకా, ఉద్యోగం దాకా వెంబడిస్తూ, కుర్చీ దక్కినా కులం ఎలా వెంట వస్తుందో ఈ నవల చూపిస్తుంది. దేవపుత్ర స్వయంగా రెవెన్యూ శాఖలో పనిచేసినవారు. పాసు పుస్తకం, శిస్తు, పంపకం, పంచనామా అనే కాగితాల వెనక నడిచే బతుకు ఆయనకు లోపలి నుంచి తెలుసు. నవలలోని ఉద్యోగ ప్రపంచానికి ఉన్న నమ్మదగిన తనం అక్కడి నుంచే వచ్చింది.

2016లో దేవపుత్ర మరణించారు. ‘పంచమం’ మళ్లీ చదువుతున్నప్పుడు నాకు పదే పదే తోచింది ఇది: ఇందులో సగం బరువు ఆత్మకథది. తన పేరుతో చెప్పుకుంటే సాక్ష్యం అయ్యే సంగతుల్ని పాత్రల పేర్లతో చెప్పవలసి వచ్చింది. దళిత రచయితకు నవల ఇచ్చే రక్షణ నేను అర్థం చేసుకోగలను. ఊళ్లో బంధువులున్నారు, ఆఫీసులో పైవాళ్లున్నారు. కానీ పాఠకుడు నవలను కల్పన అని పక్కన పెట్టగలడు, సాక్ష్యాన్ని అలా పెట్టలేడు.

శాంతినారాయణ నవలల్లో, ముఖ్యంగా ‘పెన్నేటి మలుపులు’లో, నాకు నచ్చేది రాజకీయాన్నీ సేద్యాన్నీ విడదీయని చూపు. ఇక్కడ ఊరి రాజకీయం తెలియకుండా పొలం సంగతి తెలియదు. బోరుకు కరెంటు, పంటకు బీమా, పశువుల క్యాంపులో గడ్డి, ఉపాధి పనిలో పేరు, అన్నీ ఎవరో ఒకరి చేతుల మీదుగానే వస్తాయి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశానికంతటికీ ప్రారంభించింది ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకం వచ్చాక కూలికీ రైతుకూ మధ్య సంబంధం ఎలా మారిందో, ఆడకూలి చేతికి నేరుగా వచ్చిన డబ్బు ఇంట్లో ఏ మార్పు తెచ్చిందో పూర్తిగా పట్టుకునే నవల ఇంకా రావాలి.

ఇరుగుపొరుగు నేలలు

కరువుకు జిల్లా సరిహద్దులుండవు కాబట్టి చుట్టుపక్కల పుస్తకాలనూ చదివాను. చిత్తూరు నేల నుంచి డాక్టర్ కేశవరెడ్డి ‘మూగవాని పిల్లనగ్రోవి’లో రైతు బక్కిరెడ్డికి భూమి పోవడమంటే ఆస్తి పోవడం కాదు, దేహంలో ఒక అంగం పోవడం. కేశవరెడ్డి కరువును వర్ణించరు. భూమి పోయిన రైతు వెర్రిని చూపించి, దాని కారణాల్ని మన చేత వెతికిస్తారు. కడప జిల్లా నుంచి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ‘కొండపొలం’ 2019లో తానా బహుమతి పొందింది. 2021లో సినిమా అయింది. మేతా నీళ్లూ లేక గొర్రెల్ని నల్లమలకు తోలుకుపోయే కాపరుల ప్రయాణం అది. ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రాడు రవి ఆ మందల వెంట నడిచి ధైర్యం నేర్చుకుంటాడు. అడవి వర్ణనలో, కాపరుల నేర్పులో ఈ నవలకు సాటి తక్కువ. అయితే పులిని ఎదిరించిన ధైర్యంతో ఉద్యోగం సాధించడం దగ్గర కథ స్థిమితపడిపోతుంది. ఆ కుర్రాడు వెళ్లిపోయాక మందల వెంట మిగిలిన తండ్రి సంగతి నన్ను ఎక్కువగా వెంటాడింది.

నవలా ఆత్మకథా రెండూ ఒకే రచయిత నుంచి వస్తే ఏం జరుగుతుందో చూడడానికి రెండు ఉదాహరణలు నాకు బాగా ఉపకరించాయి. ఒకటి మడకశిర సరిహద్దు దాటితే వచ్చే కన్నడ నేల. ఎస్.ఎల్. భైరప్ప 1970లో ‘గృహభంగ’ నవల రాశారు. పనికిరాని భర్త, నోటి దురుసు అత్త, కరువు, ప్లేగు, వీటన్నిటి మధ్య పిల్లల్ని బతికించుకోవడానికి నంజమ్మ పడ్డ పాట్లు అందులో ఉన్నాయి. 1996లో ఆయన ఆత్మకథ ‘భిత్తి’ వచ్చింది. నంజమ్మ వెనక ఉన్న తల్లి అక్కడ కనబడుతుంది. నవలలో ఆమె ఒక కాలానికి ప్రతినిధి. ఆత్మకథలో ఆమె ఒక కొడుకు మర్చిపోలేని అమ్మ. ఒకదాన్ని చదివితే రెండోదాని అవసరం తీరదు.

రెండోది దూరదేశం. బ్రెజిల్ ఈశాన్యంలో మనలాంటి వానలేని నేల ఉంది. అక్కడి గ్రసిలియానో రామోస్ 1938లో ‘విదాస్ సెకాస్’ అనే చిన్న నవల రాశారు. పశువుల కాపరి ఫబియానో, భార్య, పేర్లయినా లేని ఇద్దరు కొడుకులు, ఒక కుక్క ఎండలో నడుస్తుంటారు. యజమాని లెక్కల్లో వడ్డీ పేరుతో కాపరి కష్టం కరిగిపోతుంది. అక్కడి వడ్డీ లెక్కకూ మన శెనక్కాయ మండీ చీటీకీ తేడా తక్కువ. ఏడేళ్ల తర్వాత రామోస్ తన బాల్యం గురించి ‘ఇన్‌ఫాన్సియా’ రాశారు. కనబడని బెల్టు కోసం తండ్రి చేతిలో అన్యాయంగా దెబ్బలు తిన్న పిల్లవాడు అందులో ఉన్నాడు. బలవంతుడి ముందు ఫబియానోకు మాట పెగలని ఘట్టాలు ఎక్కడ పుట్టాయో అది చదివాక తెలుస్తుంది. రామోస్ నవల గొప్పతనం తగ్గలేదు, దానికి వేరు దొరికింది. మన సీమ నవలకు లేనిది ఆ రెండో పుస్తకమే.

వెళ్లిపోయిన వాళ్ల జ్ఞాపకాలు

ఈ నేల నుంచి వచ్చిన స్వీయచరిత్రల్లో నాకు అన్నిటికన్నా ప్రియమైనది తిరుమల రామచంద్ర ‘హంపీ నుంచి హరప్పా దాక’. ధర్మవరం ప్రాంతపు రాఘవంపల్లిలో 1913లో పుట్టి, సంస్కృతం చదివి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లి, లాహోరు దాకా పోయి తాళపత్ర గ్రంథాల మధ్య పనిచేసి, చివరికి పత్రికా రచయితగా స్థిరపడిన మనిషి జీవితం ఇది. మరణానంతరం దీనికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పండితుడి పుస్తకమైనా పాండిత్యం ఎక్కడా అడ్డు రాదు. ఆకలిని, పరాయి ఇంట తిన్న తిండిని, దారిలో తారసపడిన సామాన్యుల మంచితనాన్ని ఆయన దాపరికం లేకుండా చెబుతారు. చదువు కోసం ఊరు వదలవలసి వచ్చిన పిల్లవాడి కథగా చదివితే ఇది కూడా ఒక కరువు పుస్తకమే. కానీ ఆ ఊరు పుస్తకం తొలి భాగంలోనే వెనకబడిపోతుంది. రచయిత చూపు ముందుకు, ఉత్తరానికి సాగుతుంది. అది ఆయన జీవితం పోయిన దారి, ఆ దారికి నేను నమస్కరిస్తాను. రాఘవంపల్లిలో మిగిలిన వాళ్ల కథ మాత్రం ఇంకొకరు చెప్పవలసే ఉంది.

ఇల్లూరులో పుట్టి రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి తన జ్ఞాపకాలను ఇంగ్లీషులో రాశారు. 1989లో అచ్చయిన ఆ పుస్తకం ‘వితవుట్ ఫియర్ ఆర్ ఫేవర్’ పేరుకు తగ్గట్టు పదవుల చుట్టూ, రాజ్యాంగ ధర్మం చుట్టూ తిరుగుతుంది. ఢిల్లీ రాజకీయాలను అర్థం చేసుకోవడానికి అది అవసరమైన పుస్తకం. పెన్నా తీరపు బాల్యం కోసం వెతికే పాఠకుడికి దక్కేది కొంచెమే.

ఆయనకు బావమరిది వరసయ్యే తరిమెల నాగిరెడ్డి 1952లో జైలులో ఉండి అనంతపురం అసెంబ్లీ స్థానంలో ఆయన్నే ఓడించారు. 1969లో శాసనసభ్యత్వం వదులుకున్నారు. ఆ తర్వాత కుట్ర కేసులో కోర్టు ముందు చెప్పిన వాంగ్మూలమే ‘తాకట్టులో భారతదేశం’. దాన్ని ఎవరూ ఆత్మకథ అనరు. భూమి లెక్కలూ విదేశీ పెట్టుబడి లెక్కలూ నిండిన పుస్తకం అది. కానీ భూస్వామి కుటుంబంలో పుట్టిన మనిషి బోనులో నిలబడి తన గురించి ఒక్క ముక్క చెప్పుకోకుండా దేశం గురించి మాట్లాడడంలో ఆ జీవితం మొత్తం తెలుస్తుంది. కరువు ఎక్కడుందన్న నా ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఇంకే వచనంలోనూ లేదు. లోటల్లా ఒకటే: ఆయన పెరిగిన తరిమెల, అక్కడి కూలీలు, ఆయన మనసు మారిన రోజులు మనకు ఆయన నోటి నుంచి వినే భాగ్యం లేకపోయింది.

ముగ్గురూ మగవాళ్లు. ముగ్గురూ చదువుకున్న కుటుంబాల వాళ్లు. ముగ్గురి జీవితాలూ జిల్లా బయట పెద్దవయ్యాయి.

ఉండిపోయిన వాళ్ల మాట

మిగతా తెలుగు నేలలో పరిస్థితి మారింది. వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ తెలంగాణ దళిత కుటుంబం మూడు తరాల నడకను రైలు కట్టల వెంట చెప్పింది. సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’ కోస్తా దళిత కుటుంబాన్ని ప్రపంచ పాఠకుల దగ్గరికి చేర్చింది. ఈ రెండూ చదివాక ‘పంచమం’ పక్కన ఉండవలసిన సీమ దళిత ఆత్మకథ లేని లోటు నాకు ఇంకా తీవ్రంగా తెలిసింది.

ఆడవాళ్ల సంగతి మరీ దూరం. వేరుశనగ చేలో కలుపు తీసిందీ, కాయ వలిచిందీ, బిందెలతో నీళ్లు మోసిందీ, మగవాడు బెంగళూరు వలస పోతే ముసలివాళ్లనూ పశువులనూ చూసుకున్నదీ, అప్పులవాళ్లకు గడప దగ్గర జవాబు చెప్పిందీ వాళ్లే. కదిరి వైపు నుంచి ఇళ్లలో పనికి గల్ఫ్ దాకా పోయి వచ్చిన తల్లులున్నారు. ధర్మవరం మగ్గం గుంటల పక్కన దారం చుడుతూ ఆయువు గడిపినవాళ్లున్నారు. రైతు ఆత్మహత్యల గురించి మన దగ్గర కథలున్నాయి, నివేదికలున్నాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ ఇంటిని నెట్టుకొచ్చిన భార్య తన మాటల్లో చెప్పిన పుస్తకం నా చదువులో ఎదురుకాలేదు. నవలల్లో ఆమె చాలాచోట్ల ఏడ్చే మనిషిగానో ఓర్చుకునే మనిషిగానో కనబడుతుంది. ఏ ఎద్దును అమ్మాలి, ఏ కూతురి చదువు ఆపాలి, ఏ అప్పు ముందు తీర్చాలి అని లెక్క కట్టిన మనిషిగా అరుదుగా కనబడుతుంది. ఎంత సానుభూతి ఉన్నా బయటి నుంచి రాసే కలానికి ఆ లెక్క అందడం కష్టం.

చదువు రాకపోతే ఆత్మకథ ఎలా వస్తుందని అడగవచ్చు. జవాబు 1986లోనే దొరికింది. స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి పోయి, వాళ్ల మాటల్ని రికార్డు చేసి ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. వాళ్ల యాసను చెరపకుండా, వాళ్ల కోపాన్ని మెత్తబరచకుండా అచ్చువేసింది. నాయకుల స్వీయచరిత్రలు చెప్పని పోరాటం ఆ పుస్తకంలో ఉంది. కరువు కూడా అలాంటి పోరాటమే, దానికి సైన్యంగా నిలిచింది ఇంటింటి ఆడవాళ్లు.

అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు శాఖలో ఏటా పరిశోధనలు జరుగుతున్నాయి. అచ్చయిన నవలల మీద సిద్ధాంత వ్యాసం రాయడం ఎంత అవసరమో, అచ్చుకాని మనుషుల దగ్గర కూర్చోవడమూ అంతే అవసరం. ఒక్కో విద్యార్థి తన ఊళ్లో ఒక్క అవ్వ దగ్గరైనా కూర్చుని ఆమె చూసిన కరువులను ఆమె మాటల్లోనే రాసి తెస్తే కొన్నేళ్లలో ఈ జిల్లాకు గ్రంథాలయమంత ఆత్మకథ తయారవుతుంది. గంజి కేంద్రాల వరసలో చిన్నపిల్లలుగా నిలబడ్డవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు. ఈ పని ఇంకో పదేళ్లు ఆగితే చెప్పడానికి ఎవరూ మిగలరు.

నవల తన వంతు చేసింది. బండి నారాయణస్వామి, దేవపుత్ర, శాంతినారాయణ పూనుకోకపోతే ఈ నేల చరిత్ర ఇప్పటికీ వాన లెక్కలుగానే మిగిలి ఉండేది. వాళ్ల పుస్తకాలు చదివిన కృతజ్ఞతతోనే ఈ కోరిక కోరుతున్నాను. సాక్ష్యం చెప్పే బరువు కూడా మోయవలసి వచ్చిన నవలకు ఇక ఆ బరువు దించాలి. ఉండిపోయిన వాళ్లు తమ మాట తాము చెప్పుకుంటే సీమ నవలాకారుడు ఇంకా లోతుకు పోగలడు. అప్పుడు రాబోయే నవల ఇప్పటి నవలలన్నిటినీ మించుతుందని నా నమ్మకం.